చర్మము బిగియు జబ్బు - దాని చరిత్ర



మార్గశిర మాసమున తెల్లవారుజామున ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలో ఒక యిల్లాలు బాన మీది మూత తీసి చన్నీళ్లలో చేయి ముంచినదనుకొందము. ఆ నీళ్లు ఊరివారందఱకును చల్లనివే. కాని ఈమె వ్రేళ్లు మాత్రము సున్నము పూసినట్లు తెల్లబడినవి. కొంతసేపటికి నీలవర్ణమునకు తిరిగినవి. పొయ్యి దగ్గఱ కూర్చుండగా ఎఱ్ఱబడి చుఱుకుచుఱుకుమని మండినవి. ఆ యేడు ఆమె దానిని వట్టి చలి యనుకొన్నది. మఱుసటి యేడు వ్రేళ్లు ఉబ్బి ఉంగరము ఊడిరాదాయెను. ఆ పై యేడు వ్రేళ్ల మీది చర్మము నున్నగా మెఱయుచు బిగిసికొనిపోయెను. పిడికిలి పట్టలేక, బీడీ చుట్టుటకు ఆకు మడవలేక, ఆమె చేతి పని నిలిచిపోయెను. పెదవుల చుట్టు చర్మము బిగిసి నోరు చిన్నదై, అన్నపు ముద్ద పెట్టుకొనుటయే కష్టమాయెను.

అప్పుడు ఊరిలో గుసగుసలు మొదలైనవి. ఒకరు చేతబడి యనిరి. ఒకరు పూర్వజన్మ పాపమనిరి. ఎక్కువమంది గొంతు తగ్గించి "పెద్దరోగము" అనిరి. నాట్లకు ఆమెను పిలుచుట మానిరి. సొంత యింటిలోనే ఆమె గ్లాసు వేఱాయెను, పళ్లెము వేఱాయెను. ఆమె కూతురిని చూచుకొనుటకు వచ్చెదమన్న పెండ్లివారు మఱి రాలేదు.

ఈ యిల్లాలు నేను కల్పించుకొన్న మనిషి. కాని ఆమె జబ్బు కల్పితము కాదు. దానికి వైద్యులు పెట్టిన పేరు స్క్లెరోడెర్మా. గ్రీకు భాషలో స్క్లెరోస్ అనగా గట్టి, డెర్మా అనగా చర్మము. మన మాటలలో చర్మము బిగియు జబ్బు అందము. పురుషులకంటె స్త్రీలకు ఇది మూడు నాలుగింతలు ఎక్కువగా వచ్చును. తఱచుగా ముప్పది యేబది యేండ్ల నడుమ, అనగా ఇంటి బరువంతయు మోయు వయస్సున వచ్చును.

ఇది అరుదైన జబ్బు. 2016 అక్టోబరు 11న నిజామాబాదు నుండి విడివడి యేర్పడిన కామారెడ్డి జిల్లా ప్రాంతమున, 2011 జనాభా లెక్కల ప్రకారము, సుమారు 9 లక్షల 70 వేల జనము కలరు. లక్షకు పదిమంది చొప్పున మనము ఊరక లెక్కవేసికొన్నను జిల్లా మొత్తమునకు వందమంది కారు. అన్ని ఊళ్లకు పంచినచో ఊరికి ఒక్కరైనను రారు. కావున ఈ జబ్బు వచ్చినవారికి తమవంటి మఱియొకరు కంటికి కనబడరు. ఊరివారికి దీనిని పోల్చుకొనుటకు పాత యనుభవ ముండదు. తెలియనిదానికి తెలిసిన పేరేదో ఒకటి తగిలింతురు. ఈ జబ్బునకు సరియైన పేరు దొరకుటకు లోకమునకే వందల యేండ్లు పట్టెను. ఆ చరిత్ర తెలిసినచో, మన యూరిలో ఒకరికి ఆ పేరు దొరకుటకు పట్టు కాలమును మనము కొంత తగ్గింపగలము. ఈ ప్రసంగమునకు ఉద్దేశ మింతే.

ముందు మన దేశపు సంగతి. ప్రాచీన వైద్య గ్రంథములలో కుష్ఠమను మాట ఒక్క జబ్బునకు పేరు కాదు. చర్మమును చెఱచు వ్యాధులకు అది ఉమ్మడి పేరు. మహాకుష్ఠములు 7, క్షుద్రకుష్ఠములు 11, మొత్తము 18 అని మన పూర్వులు లెక్కించిరి. చర్మము ఏనుగు తోలువలె దళసరియగుటను చరక సంహిత చర్మకుష్ఠమను పేరుతో వేఱుగా చూపినది. అది నేటి స్క్లెరోడెర్మాయే యని నేననను. ఎన్నో వందల యేండ్ల నాటి మాటను నేటి జబ్బునకు అంటగట్టుట తగదు. కాని ఒక సంగతి గమనింపదగినది. ప్రాచీన వైద్యులు ఓపికతో పదునెనిమిదిగా విడదీసి చూచినదానిని తరువాతి లోకము భయముచేత ఒక్కటిగా కలిపివేసెను. చర్మము చెడినచో పెద్దరోగమే. పెద్దరోగమైనచో నివాసము ఊరి వెలుపలనే. ఇదియే వాడుక యయ్యెను.

ఆ భయము ఎంతటిదో, అది ఎట్లు సడలెనో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. కామారెడ్డి నుండి నిజామాబాదునకు పోవు రైలుదారిలోనే డిచ్‌పల్లి యున్నది. స్కాట్లండు దేశమున అబర్డీను విశ్వవిద్యాలయమున వైద్యము చదివిన ఇసబెల్ కెర్ అను వైద్యురాలు, తన భర్త జార్జి కెర్‌తో కూడ 1907లో ఈ దేశమునకు వచ్చి, నిజామాబాదు ప్రాంతమున పనిచేయ నారంభించెను. తమ ఊళ్లలో నిలువ నీడలేని కుష్ఠురోగులు ఆమెను వెదకికొనుచు వచ్చిరి. ఉన్న చోటు చాలలేదు. అప్పుడు నర్సాగౌడు అను హిందూ దాత పెద్ద విరాళ మొసగెను. ఆ సాయముతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠురోగ వైద్యశాల వెలసెను. అచట వాడిన మందు హిడ్నోకార్పసు అను చెట్టు గింజల నూనె. మన సుశ్రుత సంహితలో తువరకమని చెప్పబడినది ఈ చెట్టే యని పండితుల యభిప్రాయము. 1923లో ఇసబెల్ కెర్‌కు కైసరీ హింద్ పతకము లభించెను.

ఆ నూనెతో అందఱు బాగుపడలేదు. పూర్తిగా నయముచేయు మందులు తరువాత వచ్చినవి. 1940 తరువాత సల్ఫోను మందులు బయలుదేరినవి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి యిచ్చు చికిత్సను ఆమోదించెను. నేడు కుష్ఠురోగము ఆఱు నెలలకో, ఏడాదికో పూర్తిగా నయమగు జబ్బు. మందు మొదలుపెట్టిన కొద్దికాలమునకే దాని అంటు గుణము పోవును. అందుచేత నేడు కుష్ఠురోగియైనను వెలివేయుటకు కారణము లేదు. డిచ్‌పల్లిలో మన పెద్దలు కన్నది ఇదే: రోగిని తాకి, పరీక్షించి, జబ్బును గుర్తించువా రొక్కరుండినచో, ఊరివారి భయము క్రమముగా తగ్గును.

మఱి ఈ రెండు జబ్బులకు భేద మేమి? కుష్ఠురోగమునకు కారణము ఒక సూక్ష్మజీవి. దానిని 1873లో నార్వే దేశపు హాన్సెన్ అను వైద్యుడు కనుగొనెను. ఆ జబ్బులో మచ్చ మీద స్పర్శ నశించును; వేడి చల్లన తెలియవు. స్క్లెరోడెర్మాకు సూక్ష్మజీవి లేదు. అది ఒకరి నుండి మఱియొకరికి అంటదు. కలిసి తిన్నను, ఒక మంచము మీద పరుండినను, బట్టలు కలిపి ఉతికినను అంటదు. చర్మము బిగిసినను స్పర్శ సాధారణముగా చెడదు. పైగా చలికి వ్రేళ్లు రంగులు మాఱుట ఈ జబ్బునకు ముఖ్యమైన గుర్తు. ఐతే రెండింటిలోను వ్రేళ్ల కొనలు పుండ్లుపడి కుఱుచ కావచ్చును, వ్రేళ్లు వంగిపోవచ్చును. ఆ పోలికనుబట్టి చూచువారు పొరబడుదురు; ఒకప్పుడు వైద్యులును పొరబడుదురు.

ఇక ఈ జబ్బు లిఖిత చరిత్ర ఇటలీ దేశపు నేపిల్సు నగరమున మొదలగును. 1753లో కార్లో కుర్జియో అను వైద్యుడు ఒక చిన్న గ్రంథము ప్రకటించెను. అందు పదునేడేండ్ల బాలిక వృత్తాంతము కలదు. ఆమె చర్మము ఎండిన తోలువలె గట్టిపడెను. నోరు తెఱచుట, మెడ త్రిప్పుట కష్టమాయెను. వైద్యుడు ఆవిరి పట్టించెను, రక్తము తీసెను, పాదరసపు మందు లిచ్చెను. కొన్ని నెలలకు ఆ బాలిక కోలుకొన్నదని వ్రాసెను. ఆమెది సరిగా ఈ జబ్బేనా యని నేటి వైద్యులు సందేహింతురు. ఐనను చర్మము బిగియుట యొక ప్రత్యేక వ్యాధియని గుర్తించి, రోగి యవస్థను వరుసగా వ్రాసిపెట్టిన తొలి గ్రంథములలో అది యొకటి.

పేరు రావలసియుండెను. 1836లో ఇటలీలోనే ఫాంటొనెట్టి అను వైద్యుడు స్క్లెరోడెర్మా యను మాటను వాడెను. 1847లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జింట్రాక్ ఆ మాటను స్థిరపఱచెను. 1862లో పారిసు నగరమున మారిస్ రేనో అను యువ వైద్యుడు తన పట్టముకొఱకు వ్రాసిన గ్రంథమున, చలికి వ్రేళ్లు తెల్లబడి, నీలపడి, ఎఱ్ఱబడుటను వివరించెను. నేటికిని ఆ లక్షణము అతని పేరుతోనే పిలువబడుచున్నది. ఇది అందఱలోను ఈ జబ్బునకు గుర్తు కాదు. చలికి వ్రేళ్లు తెల్లబడువారిలో ఎక్కువమందికి మఱేమియు రాదు. కాని చర్మము బిగియు జబ్బు కలవారిలో దాదాపు అందఱకును ఇది యుండును. తఱచుగా అన్నిటికంటె ముందు వచ్చును. బానలో చేయి ముంచిన మన యిల్లాలికి మొదట కనబడినది ఇదే.

అప్పటికిని లోకము దీనిని చర్మపు జబ్బుగానే యెంచుచుండెను. కాని రోగులు ఆయాసపడుచుండిరి. మ్రింగుడు పడక బాధపడుచుండిరి. కొందఱు హఠాత్తుగా మూత్రపిండములు చెడి మరణించుచుండిరి. 1942లో న్యూయార్కు నగరమున క్లెంపరర్ అను వైద్యుడును అతని సహచరులును, ఈ జబ్బు ఒక్క చర్మమునకు చెందినది కాదనియు, శరీరమునంతటిని అతికి పట్టియుంచు పదార్థమునకే చెందినదనియు చెప్పిరి. 1945లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌనులో గోయట్జ్ అను వైద్యుడు, లోని యవయవములుకూడ గట్టిపడునని తెలుపునట్టి కొత్త పేరు నీ జబ్బునకు సూచించెను. నేపిల్సు వైద్యుని గ్రంథము నాటి నుండి లెక్కించిన ఇది 192వ సంవత్సరము. కంటికి కనబడు చర్మము వెనుక కనబడని బాధ యున్నదని పేరులోనే చెప్పుటకు లోకమునకు ఇంతకాలము పట్టెను.

శరీరమును అతికి పట్టియుంచు పదార్థ మనగా నేమి? ఇటుకల నడుమ అడుసువలె, మన దేహమున కండకు ఎముకకు, చర్మమునకు మాంసమునకు నడుమ నుండి, రక్తనాళముల గోడలను ఊపిరితిత్తుల పొరలను నిలిపియుంచునది యొకటి కలదు. దానిని సంయోజక కణజాల మందురు. అందు ముఖ్యమైన పోగు కొల్లాజెన్ అను మాంసకృత్తు. మన దేహమునందలి మాంసకృత్తులలో నాలుగవ వంతునకు పైగా ఇదే. మీకిది కొత్తది కాదు. తోళ్లను ఎముకలను ఉడికించి తీసిన జిగురుతో వడ్లవారు చెక్కల నదుకుట మీరు చూచియుందురు. ఆ జిగురు ఉడికిన కొల్లాజెనే. కొల్లాజెన్ అను గ్రీకు మాటకు కూడ జిగురు పుట్టించునది యని యర్థము.

ఈ పోగు నిర్మాణమును కనుగొన్న గౌరవము మన దేశమునకు దక్కినది. 1952లో మద్రాసు విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చిన జి. ఎన్. రామచంద్రన్, తన సహచరుడైన గోపీనాథ కర్తాతో కలిసి దీనిని పరిశోధించెను. అదే నగరమునందలి కేంద్ర తోళ్ల పరిశోధనాలయము నుండి కొల్లాజెన్ తెప్పించికొనిరి. కంగారూ తోకలోని స్నాయువుకూడ వారికి పనికివచ్చినది. ఎక్సు కిరణములతో చూచి, ఇది మూడు పోగులు పెనవేసికొన్న త్రాడువంటిదని 1954లో లోకమునకు తెలిపిరి; 1955లో దానిని మఱింత సవరించిరి. మోకు త్రాడు పేనుట తెలిసినవారికి ఆ బలము ఎక్కడిదో చెప్పనక్కఱలేదు.

స్క్లెరోడెర్మాలో ఈ త్రాడు చెడిపోదు. అక్కఱకు మించి పుట్టును. గాయము తగిలినచోట మచ్చ కట్టుట మీ రెఱుగుదురు. గాయము మానగానే ఆ పని ఆగవలెను. ఈ జబ్బులో గాయము లేకయే మచ్చ కట్టుట మొదలై, ఆగవలసిన చోట ఆగదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి సన్నని రక్తనాళములకు హాని చేయును. కాలువలో పూడిక పేరుకొన్నట్లు అవి యిఱుకగును. ఇట్లెందుకు జరుగునో ఒక్క కారణమునే చూపలేము. ఇది తండ్రి నుండి కొడుకునకు నేరుగా దిగు జబ్బు కాదు. ఐతే ఒక సంగతి చాలకాలము క్రిందటనే తెలిసినది. 1914లో ఎడింబరో నగరపు వైద్యుడు బైరం బ్రామ్‌వెల్, తాను చూచిన ఈ జబ్బు రోగులలో రాతిపనివా రుండుట గమనించి వ్రాసెను. రాతిదుమ్ము పీల్చువారికి ఈ జబ్బు వచ్చు నవకాశము హెచ్చని తరువాతి పరిశోధనలు స్థిరపఱచినవి. మన ప్రాంతమున రాతిపనికి కొదువ లేదు. 1923 మొదలు 1931 వఱకు మంజీరపై కట్టిన నిజాంసాగరము రాతి కట్టడమే. నేటికిని క్వారీలలో, కంకర మిల్లులలో పనిచేయువారు కలరు. ముక్కునకు గుడ్డ కట్టుకొనుట, రాతిని తడిపి కోయుట వారికి మేలు.

పాపము, చేతబడి, అంటు - ఈ మూడింటిలో ఏదియు దీనికి కారణము కాదు. ఈ మాట ఊరిలో పెద్దవారి నోట వినబడవలెను.

మందుల చరిత్రయు మనము తెలిసికొనదగినదే. ఈ జబ్బును వేళ్లతో పెఱికివేయు మందు నేటికిని లేదు. కాని దాని నాపు మందులు, తగ్గించు మందులు కలవు. వానిలో మూడింటి పుట్టుక పల్లెవారు బాగుగా నెఱిగిన వస్తువులతో ముడిపడియున్నది: ఒక యాకు, ఒక బూజు, ఒక పాము.

ఆకు కథ మన తెలుగువానిది. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యము చదివి, అమెరికా చేరెను. ఆకుకూరలలో నుండు ఫోలికామ్లమను పోషక పదార్థమును 1941లో అచటి శాస్త్రజ్ఞులు పాలకూర నుండి వేఱుచేసి దానికాపేరు పెట్టిరి. ఆకు అను అర్థము గల లాటిను మాటనుండి వచ్చిన పేరది. లెడర్లీ పరిశోధనాలయమున సుబ్బారావు నాయకత్వమున పనిచేసిన వారు 1945 నాటికి దానిని కృత్రిమముగా తయారుచేసిరి. తరువాత ఆ పదార్థమునకు పోలికగా నుండి దాని పని నడ్డగించు మందులను కనుగొనిరి. నేడు మెథోట్రెక్సేటు అను పేర వాడుచున్న మందు ఆ కుదుటిలోనిది. సుబ్బారావు 1948లో మరణించెను. 1951లో ఆ జాతి మందును కీళ్లవాతమునకు వాడి చూచిరి. నేడు కీళ్లవాతమునందును, చర్మము బిగియు జబ్బునందును వైద్యులు దీనిని తక్కువ మోతాదున ఇచ్చుచున్నారు.

బూజు కథ ఇటలీది. అచట 1893లో గోసియో అను శాస్త్రజ్ఞుడు చెడిపోయిన మొక్కజొన్న మీది బూజు నుండి ఒక యామ్లమును తీసెను. దాని నుండి తయారైన మైకోఫినోలేటు అను మందు నూఱేండ్ల తరువాత వాడుకలోనికి వచ్చి, నేడు ఈ జబ్బుచే ఊపిరితిత్తులు గట్టిపడుటను తగ్గించుచున్నది.

పాము కథ బ్రెజిలు దేశపుది. అచటి యొక రక్తపింజరి జాతి పాము కఱచినచో రక్తపుపోటు పడిపోవును. ఆ విషమునందలి పదార్థమును 1965లో ఫెరేరా అను శాస్త్రజ్ఞుడు వెలికితీసెను. దాని ననుసరించి 1975లో అమెరికాలో కాప్టోప్రిల్ అను మందు పుట్టెను. అంతకుముందు ఈ జబ్బుచే రక్తపుపోటు హఠాత్తుగా పెరిగి మూత్రపిండములు చెడినవారిలో ఏడాది బ్రతికినవారు బహు కొద్దిమంది. 1979 నుండి ఈ జాతి మందులు వాడుటచే అట్టివారిలో అనేకులు ప్రాణములు దక్కించుకొనుచున్నారు. కాని మందు ఆలస్యము కారాదు. కావున రక్తపుపోటు తఱచుగా చూపించుకొనుట ఈ జబ్బువారికి అన్నిటికంటె ముఖ్యము.

ఈ జబ్బుతో మనిషి పనిచేయగలడా యని సందేహించువారికి ఒక చిత్రకారుని సంగతి చెప్పెదను. పాల్ క్లే యను ప్రసిద్ధుడు 1935లో స్విట్జర్లండు దేశమున ఈ జబ్బున పడెను. అతడు బ్రతికియుండగా దానికి సరియైన పేరు దొరకలేదు. అతని జబ్బు ఇదియని వైద్యులు తరువాత నిర్ణయించిరి. ముద్ద మ్రింగుట కష్టము, మెట్లెక్కుట కష్టము. ఐనను 1939లో ఆ యొక్క సంవత్సరముననే వేయికి పైగా చిత్రములు గీసెను. 1940 జూను 29న మరణించెను. నేటి మందులు అతనికి దొరకలేదు. నేటివారికి దొరకును.

ఈ జబ్బుతో బ్రతుకువా రింటిలో పాటింపవలసిన సంగతులు కొన్ని కలవు. చేతులు మాత్రమే కాదు, ఒడలంతయు వెచ్చగా నుంచుకొనవలెను. చలికాలమున గోరువెచ్చని నీళ్లే వాడవలెను. చేతులకు కాళ్లకు ఊలు తొడుగులు మేలు. వ్రేళ్లు తెల్లబడినపుడు మంటలో పెట్టరాదు. చంకలలో పెట్టుకొనియో, గోరువెచ్చని నీటిలో నుంచియో వెచ్చచేయవలెను. బీడీ, చుట్ట, సిగరెట్టు పూర్తిగా మానవలెను. పొగాకు రక్తనాళములను ఇంకను ఇఱుకు చేయును. ఇంటిలోని మగవారు కాల్చు పొగయు అట్టిదే. స్నానము కాగానే చర్మమునకు నూనెయో వెన్నవంటి లేపనమో పూయవలెను. వ్రేళ్లు చాచుట, ముడుచుట, నోరు వెడల్పుగా తెఱచుట దినమునకు పలుమాఱు చేయవలెను; అట్లు చేయనిచో కీళ్లు పట్టుకొనిపోవును. కొద్దికొద్దిగా పలుమాఱు తినవలెను. తినిన వెంటనే పరుండరాదు. పులిత్రేనుపులు వచ్చువారు మంచపు తలవైపు కోళ్ల క్రింద ఇటుకలు పెట్టి ఎత్తుచేసికొనవలెను. వ్రేలి కొనన పుండు పడినచో చిన్నదని యుపేక్షింపరాదు.

మఱియొక హెచ్చరిక. వాపులు నొప్పులు త్వరగా తగ్గునని పేరు చెప్పకుండ ఇచ్చు మాత్రలు, సూదులు కొన్నిచోట్ల వాడుకలో నున్నవి. వానిలో స్టెరాయిడు ఉండవచ్చును. స్టెరాయిడు కొన్ని జబ్బులలో ప్రాణదాతయే. కాని చర్మము బిగియు జబ్బులో పెద్ద మోతాదున వాడినచో మూత్రపిండములకు ముప్పు తెచ్చును. కావున ఏ మాత్రయో, ఎంతయో చీటీ మీద వ్రాయించుకొనక వాడరాదు.

వైద్యమునకు ఎచ్చటికి పోవలెను? ఒకప్పుడు మన ప్రాంతమువారికి పెద్ద వైద్యశాల యనగా హైదరాబాదే. నిజామాబాదున 2013లోను, కామారెడ్డిలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. మొదటి పరీక్షలు, రక్తపుపోటు చూచుట దగ్గఱలోనే జరుగును. హైదరాబాదునందలి నిమ్స్ వైద్యశాల 1964లో నిజాము ధర్మనిధి సాయముతో ఎముకల వైద్యశాలగా మొదలై, 1989లో శాసనముచే విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందెను. అచట ఇట్టి జబ్బులను చూచు రుమటాలజీ విభాగము కలదు. వైద్యులు గోటి మొదట నుండు సన్నని రక్తనాళములను దుర్భిణిలో చూతురు. రక్తములోని కొన్ని గుర్తులను పరీక్షింతురు. ఊపిరితిత్తుల బలమును కొలుతురు. పోవునపుడు పాత చీటీలన్నియు, వాడిన మందులన్నియు వెంట తీసికొనిపోవలెను. ఒక్క మాఱు పోయి మానుకొనరాదు. ఇది యేండ్ల తరబడి చూపించుకొనవలసిన జబ్బు.

ఊరిపెద్దలకు నా మనవి యిది. మందు ఇచ్చుట మీ పని కాదు. కాని ఒక యాడుబిడ్డను నాట్లకు పిలువవచ్చునా, ఒక యింటి సంబంధము చేసికొనవచ్చునా యని నలుగురు మీ మొగము చూతురు. ఆ వేళ మీరు చెప్పు మాట బలమైనది. ఎవరికైనను చలికి వ్రేళ్లు రంగులు మాఱి, వ్రేళ్లుబ్బి, చర్మము బిగియుచున్నదని విన్నచో, ఇది అంటు కాదు, దీనికి పేరున్నది, వైద్యుడున్నాడు, ఆలస్యము చేయవద్దు అని చెప్పుడు. బస్సు ఖర్చునకు లేనిచో నలుగురు కలిసి సాగనంపుడు. అటుపిమ్మట వారి గడపకు మీరే పోయి, వారిచ్చిన చెంబుతో మంచినీళ్లు త్రాగి రండు. వేఱుపెట్టిన గ్లాసు మఱునాటికే అందఱి గ్లాసులలో కలియును.